అల్లుడి చెట్టుకు మగపెళ్ళివారిని నేనొక్కడినే

అడవి శాఖలో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను రేంజర్‌గా రిటైరయ్యాను గానీ, నా రేంజి ఎంతో ఇది చదివితే మీకే తెలిసిపోతుంది. ఎక్కడో కొన్ని గుట్టల మీద తప్ప కనిపించని చెట్టొకటి నా పరిధిలోనే ఉంటే, రెండేళ్ళ పాటు దాన్ని ఈతచెట్టు అనుకున్నాను. అనుకొని ఊరుకున్నానా, మధ్యాహ్నం పూట దాని నెత్తి మీద టిఫిన్ గిన్నె పెట్టుకొని పప్పన్నం తిన్నాను. అది ఏ చెట్టో తెలిశాకైనా నోరు మూసుకున్నానా అంటే, అదీ లేదు. మొదటిది కళ్ళ తప్పు, రెండోది నోటి తప్పు. కళ్ళు చేసిన తప్పుకు చెట్టుకేమీ కాలేదు. నోరు చేసిన తప్పుకు అది లారీ ఎక్కబోయింది.

నా ప్రమోషన్ల గురించి ఇందులో రాయడం లేదు. రాద్దామన్నా అర పేజీ నిండదు. ఆ గుట్ట పేరు కూడా చెప్పను. దేవరకొండ దాటి కృష్ణ దిక్కు పోతుంటే రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేవనిపించే గుట్టలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి అనుకోండి. ఎందుకు చెప్పనో చివరికి మీకే అర్థమవుతుంది.

గిన్నె కింద అల్లుడు

రాష్ట్రం వచ్చిన కొత్తల సంగతి. ఆ గుట్ట మీద ఒక వాగు ఉంది. వానాకాలంలో తప్ప అందులో నీళ్ళుండవు. వాగుకు ఈవల ఒంటరిగా ఒక చెట్టు, ఆవల గుంపుగా అలాంటివే కొన్ని. నల్లటి పొలుసుల మొద్దు, పైన గొడుగులాగా ఆకులు. ఈవలి చెట్టు మొద్దు వంగి ఉండటం వల్ల గిన్నె చక్కగా నిలిచేది. ఒకనాడు అలాగే గిన్నె పెట్టుకొని కూర్చుంటే వెనక నుంచి ఒక కేక.

"ఓ సారూ! అల్లుని నెత్తి మీద గిన్నె పెడ్తవా? మీ ఇంట్ల అల్లుళ్ళకు గిదేనా మర్యాద?"

వెనక్కి తిరిగి చూశాను. గొర్రెల మంద, కర్ర పట్టుకున్న ముసలమ్మ, ఆమె కొడుకు. అల్లుడెవరూ కనబడలేదు.

"ఏ అల్లుడమ్మా?"

"గదో, నువ్వు ఆనుకొని కూసున్నవ్ గద. ఇంకా అడుగుతవ్!"

ఆమె పేరు మల్లమ్మ. కింద ఊరిలో గొర్రెల కాపరుల ఇళ్ళన్నిటికీ పెద్ద దిక్కు. కొడుకు సాయిలు. తల్లి మాటకు ఎదురు చెప్పడు గానీ, చెప్పాల్సినదంతా నవ్వులోనే చెప్పేస్తాడు.

"గిన్నె పెడ్తె ఏం గాదులె సారు," అన్నాడు సాయిలు. "గొర్రె మూతి పెడ్తెనే కష్టం. అల్లుని ఆకు తిన్న గొర్రెకు ఎనక కాళ్ళు పడిపోతయి. గందుకే ఈ దిక్కు మందను రానియ్యం."

"మరి వాగు అవతలివి?"

"అవి మా బిడ్డలు," అంది మల్లమ్మ. "ఈయనొక్కడే అల్లుడు."

ఆడవి గుంపుగా ఒక దిక్కు, మగది ఒక్కటే ఇంకో దిక్కు. నాకు నవ్వొచ్చింది. ఈతచెట్లకు పెళ్ళిళ్ళేమిటి అనుకున్నాను. అయినా ఎందుకో సెల్లులో ఫోటో తీసి, నల్లగొండలో ఉన్న నా మిత్రుడికి పంపాను. అతను వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. కాసేపటికే ఫోన్ చేశాడు.

"రాజలింగం, ఎక్కడున్నవయ్యా? ఉన్న కాడనే ఉండు. దాన్ని కదిలించకు, నువ్వు గూడ కదలకు!"

అప్పుడు తెలిసింది. అది ఈత కాదు, తాటి కాదు, వాటికి దూరపు చుట్టమైనా కాదు. పుస్తకాల్లో పేరీత అంటారట. సైకాడ్ అనే జాతి. రాక్షసబల్లులకంటే పాత వంశం. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. దీనికి మనం పువ్వు అనుకునే పువ్వు ఉండదు. మగదానికి నడినెత్తిన కంకి లేస్తుంది, ఆడదానికి కాయలు కాస్తాయి. నా ప్రమోషన్ల కంటే కూడా మెల్లగా పెరుగుతుంది.

"పేరులో ఈత ఉంది కదరా," అన్నాను, రెండేళ్ళ పరువు కాపాడుకోవడానికి.

"నీ పేరుల రాజు ఉన్నడు గద. రాజ్యమేమన్న ఉన్నదా?" అన్నాడు.

వెంటనే నాలోని అధికారి మేలుకున్నాడు. చెట్టు చుట్టూ ముళ్ళకంచె వేయించి, 'అతి అరుదైన చెట్టు – తాకరాదు' అని బోర్డు పెట్టించాను. బోర్డు పెట్టిన వారానికే ఆకులు మాయం కావడం మొదలైంది. అంతవరకు ఆ చెట్టును తాకాలని ఎవరికీ తోచలేదు. కంచె చూసి మల్లమ్మ, "అల్లునికి జైలు ఏసినవా సారు? ఏం నేరం చేసిండు?" అని అడిగింది. కంచె తీయించాను. బోర్డు మా బీట్ ఆఫీసర్ యాదయ్య గుడిసెకు తలుపయింది. కొత్తవాళ్ళు గుర్తుంచుకోండి. అరుదైనదానికి బోర్డు పెట్టడమంటే దొంగకు దారి చూపడమే.

మగపెళ్ళివారు

వలస పోయిన మందలు తిరిగివచ్చే రోజుల్లో, తొలకరి పడకముందే, ఆ ఊరివాళ్ళు అల్లుడి పండుగ చేస్తారు. ఆ రోజు కంకి కోస్తారని యాదయ్య చెవిన వేశాడు. అరుదైన చెట్టు కంకి కోయడం నేరం కదా, ఆపుదామని యూనిఫాం వేసుకొని బయలుదేరాను. నా జీవితంలో అంత ఇస్త్రీ చేసిన చొక్కా అంతగా పాడైన రోజు ఇంకొకటి లేదు.

నేను వెళ్ళేసరికి వాగు ఆవల ఊరు ఊరంతా ఉంది. ఈవల చెట్టు పక్కన ఒక్కరూ లేరు. చెట్టుకు కాపలాగా నేను పోయి నిలబడ్డాను. అంతే, ఆవలి ఆడవాళ్ళు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

"ఒచ్చిండొచ్చిండు! మగపెండ్లోడు ఒచ్చిండు!"

విషయం ఏమిటంటే, ఆ ఊరివాళ్ళందరూ ఆడపిల్లల తరఫువాళ్ళే. అందుకని మగపిల్లాడి పక్కన ఎవరూ నిలబడరు. పండుగ నాడు ఆ పక్క ఎవడు నిలబడితే వాడే మగపెళ్ళివారు. ఎవడూ దొరక్కపోతే దారిన పోయేవాణ్ణి పట్టుకొస్తారు. ఒక ఏడు గాజులమ్మేవాణ్ణి, ఒక ఏడు కరెంటు లైన్‌మన్‌ను పట్టుకొచ్చారట. ఈసారి పట్టుకొచ్చే పనిలేకుండా అంగీ గుండీలన్నీ పెట్టుకొని నేనే నడిచొచ్చాను.

"అమ్మా, నేను కంకి కోయకుండా ఆపడానికి వచ్చాను," అన్నాను.

"కంకి కోసుడేంది?" అంది మల్లమ్మ. "అల్లుని నెత్తి కోస్తరా ఎవలన్నా? దులుపుకుంటం గంతె. ఈ పొద్దుకు మగపెండ్లోల్లు నువ్వే. పల్లెం పట్టు."

ఇత్తడి పళ్ళెం నా చేతిలో పెట్టారు. సాయిలు ఒక పాత ధోవతి కంకికి చుట్టి మెల్లగా తట్టాడు. పసుపులాంటి పొడి పళ్ళెంలోకి రాలింది. సగం నా మీద రాలింది. వాసన సంగతి చెప్పను, ఘాటు అంటే తక్కువే అవుతుంది. ఆ పళ్ళెం పట్టుకొని నేను వాగు దాటుతుంటే ఆవలి గట్టు మీద ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

*ఏం తెచ్చెనమ్మ అల్లుడు ఏం తెచ్చెనే*
*ఒంటి కాలు మీద నిలిచి దుమ్ము తెచ్చెనే*
*వియ్యంకుడొచ్చె సూడు సర్కారు దొర*
*పొట్ట ముందుగ వచ్చె, మనిషెనకొచ్చెనే*

ముప్పై మంది ముందు పొట్ట లోపలికి పీల్చుకొని నడవడం ఎంత కష్టమో మీరు ఊహించుకోండి. పీల్చిన సంగతి కూడా వాళ్ళు కనిపెట్టి ఇంకో చరణం కట్టారు. అది ఇక్కడ రాయలేను.

ఆ పొడి 'బిడ్డల' నెత్తిన చల్లారు. గొర్రెల మీదా కాస్త చల్లారు. చివరికి మల్లమ్మ నన్ను నిలబెట్టి, మగపెళ్ళివారు ఇవ్వాల్సిన మాట ఇమ్మంది.

"మా పిలగాడు ఇల్లరికం ఒచ్చినోడు. గుట్ట దిగడు, ఊరు దాటడు. దాటిండంటె నన్నడుగుండ్రి. గిట్ల అను."

అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వు ఆనాటితోనే అయిపోయింది.

ఇంటికి పోతే మా ఆవిడ పసుపు పచ్చని నన్ను చూసి, "ఎవరి పెళ్ళి?" అంది. "మనవాడిదే," అన్నాను.

మా లెక్చరర్ మిత్రుడికి ఇదంతా చెబితే ఎగిరి గంతేశాడు. అది పరాగం మోయడమే అన్నాడు. మళ్ళీ అతనే, పురుగులు కూడా ఆ పని చేస్తాయి కాబట్టి కాయలు ఎవరి పుణ్యమో చెప్పలేమన్నాడు. మల్లమ్మను అడిగితే, "గవన్ని మాకెర్కలేదు. మా అత్త చేసింది, నేన్ చేస్తున్న. పొడి పడ్డ గొర్రె జంట పిల్లల్ని ఈనుతది, గందుకు," అంది. పక్కనే ఉన్న సాయిలు, "నా మందల ఒక్కటి గూడ జంటను ఈనలె సారు. నా గొర్రెలు ఇనలేదేమొ పాట," అన్నాడు. ఆ విషయంలో సైన్సూ సాయిలూ ఒకే పక్క. అయితే పండుగ ఆగాలని మాత్రం ముగ్గురిలో ఎవరూ అనలేదు.

ఆ తరువాత నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏటా మగపెళ్ళివారిని నేనే. ఊళ్ళో నన్ను రేంజర్ సారు అనడం మానేశారు. వియ్యంకుడు అనేవారు.

కొత్తకోట మక్కబుట్ట

మధ్యలో కొన్నాళ్ళు నన్ను తనిఖీ దళంలో వేసి కొత్తకోట వైపు పంపారు. బెంగుళూరు రోడ్డు పక్కన ఒక డేరా, దాని ముందు ఒక బ్యానర్: 'అడవి మదన పువ్వు – ముసలితనానికి సెలవు'. ఆ పువ్వు బొమ్మ చూస్తే మా అల్లుడి కంకే! ఎవడో నా గుట్ట దోచాడనుకొని, జీపు పూర్తిగా ఆగకముందే దూకాను. దూకడం నాకు అలవాటు లేదు. ఆ కుంటుడు ఇప్పటికీ ఉంది.

డేరాలో ఉన్నాయన గడ్డానికి రంగేసుకొని, ఎర్ర శాలువా కప్పుకొని ఉన్నాడు. కంకిని ఎర్రగుడ్డలో చుట్టి గద్దె మీద పెట్టాడు. స్వాధీనం చేసుకొని గుడ్డ విప్పాను. ఎండిన మక్కబుట్ట, వట్టి మొక్కజొన్న పొత్తు! దానికి పసుపూ జాజూ పూసి, పైన తుమ్మజిగురు రాశాడు.

"ఇదేంది?" అన్నాను.

"మక్కబుట్ట సార్."

"మరి మదన పువ్వని అమ్ముతున్నవేంది?"

"అసలుది అమ్మితె మీరు పట్టుకుంటరు గద సార్. చట్టానికి భయపడెటోన్ని, గందుకే నకిలీది అమ్ముతున్న. నేను గిట్ల చట్టానికి ఇజ్జత్ ఇస్తుంటె మీరు నన్నే పట్టుకుంటరా?"

ఏ సెక్షన్ పెట్టాలో నాకు తోచలేదు. మక్కబుట్ట అటవీ ఉత్పత్తి కాదు. మందలించి వదిలేశాను. పోతూ పోతూ, కుంటుతున్న నన్ను చూసి, నా మోకాలికి ఊరికే తైలం ఇస్తానన్నాడు.

ఒక్క మాట సీరియస్‌గా చెబుతాను. ఈ జాతి చెట్లలో విషం ఉంటుంది. గొర్రె వెనక కాళ్ళు ఊరికే పడిపోవు. ఆ కంకి తింటే యవ్వనం రాదు. ఆ మాటకొస్తే ముసలితనమూ రాదు, అంతకు ముందే పోతాం.

నోటి తప్పు

మళ్ళీ నా గుట్టల దగ్గరకు వచ్చాను. ఆ రోజుల్లోనే మా పెద్ద సారు సాగర్ డ్యామ్ పక్కనున్న నందికొండకు తనిఖీకి వచ్చారు. ఆయన పేరు అవసరం లేదు. అటువంటివారు ప్రతి శాఖలోనూ ఒకరుంటారు, మీ శాఖలో ఎవరో మీకు తెలుసు. ఎక్కడికి పోయినా మొక్క నాటుతారు, ఫోటో దిగుతారు. నాటిన మొక్కకు నీళ్ళు పోయడం మాత్రం ఇంకొకరి డ్యూటీ.

గెస్ట్‌హౌస్‌లో రాత్రి భోజనం. సాగర్ చేపల వేపుడు. బాసును నవ్విస్తే తనిఖీ తేలికవుతుందని నా సర్వీసు నేర్పిన పాఠం. అది తప్పుడు పాఠమని ఆ రాత్రే తెలిసింది. కొత్తకోట మక్కబుట్ట కథ ఎత్తుకున్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. పెద్ద సారు మాత్రం నమలడం ఆపారు.

"అసలు పువ్వు ఎట్లా ఉంటుంది?"

అక్కడ ఆగితే ఈ వ్యాసమే లేదు. "నా దగ్గరే ఉంది సార్!" అన్నాను, నా జేబులో ఉన్నట్టు. గుట్ట, వాగు, అల్లుడు అన్నీ చెప్పాను. సెల్లులో ఫోటోలు కూడా చూపించాను. ఆయన ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, కంకి దగ్గర ఆపారు.

"పని చేస్తుందా?"

"ఏది సార్?"

"అదే... అంటే... పరిశోధన కోణంలో."

విషం సంగతి చెప్పాను. "శుద్ధి చేసేవాళ్ళు ఉంటారులే," అన్నారు.

మరునాడు పొద్దున చాయ్ తాగుతూ ఆజ్ఞ ఇచ్చారు. ఆ చెట్టును వేళ్ళతో సహా తీసి, గెస్ట్‌హౌస్ ముందరి పార్కులో నాటాలి. "ప్రజలు చూడాలయ్యా రాజలింగం. అడవిలో ఎవరు చూస్తారు?"

"సార్, అది ఒక్కటే మగ చెట్టు. తీస్తే బతకదు. అక్కడ మిగిలినవి..."

"బతుకుతుంది. నా చేత్తో నాటింది ఏదీ చావలేదు."

నిజమే. చచ్చిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఒక ముక్క రాసిస్తే సార్..."

"నోటి మాట చాలదా? నువ్వు ఆదిలాబాద్ చూశావా ఎప్పుడైనా? చాలా బాగుంటుంది."

రిటైర్మెంట్ దగ్గర పడ్డవాడికి ఆదిలాబాద్ అందాలు వివరించి చెప్పనక్కర్లేదు. నోటితో ఆజ్ఞ ఇచ్చే బాసుల గురించి నా అభిప్రాయం ఇది: మెచ్చుకోలు వస్తే ఆ నోరు వాళ్ళది, చీవాట్లు వస్తే నీది. పై అధికారికి చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెబితే ఆయనకు కూడా కంకి మీద ఆసక్తి కలుగుతుందేమోనని భయపడ్డాను.

ఆడపిల్లలవాళ్ళ పంచాయితీ

యాదయ్యను వెంటబెట్టుకొని మల్లమ్మ ఇంటికి పోయాను. సంగతి చెప్పాను. దొడ్లో గొర్రెపిల్లకు పాలు తాపుతున్న మనిషి తల ఎత్తలేదు.

"అయితె, మీ పిలగాన్ని మీరు తోల్కపోతరన్నట్టు."

"నేను కాదమ్మా, పెద్ద సారు."

"మాకు గా సారెవలో ఎర్కలేదు. వాగు దాటొచ్చి పల్లెం పట్టినోడివి నువ్వు. గుట్ట దిగడని మాటిచ్చినోడివి నువ్వు. మా బిడ్డలు ఏడ్వాలె, నువ్వు జీపుల పోవాలె. గంతేనా?"

సాయిలు సాయం చేయబోయాడు. "గుట్ట మీద గుడ్డెలుగులున్నయని చెప్పు సారు. పెద్ద సారు రాడు."

"ఆయన రాడు సాయిలూ. మనుషుల్ని పంపుతాడు."

"అయితె దొంగలు ఎత్తుకపోయిండ్రని చెప్పు."

"అప్పుడు నన్నే దొంగంటాడు."

"అంటె మంచిదే గద," అంది మల్లమ్మ. ఈసారి తల ఎత్తింది. "సారూ, ఇంటున్నవా? మమ్మల్ని అడుగుడు పనిగాదు. ఆడపిల్లలోల్లం, మేం చేసేదేముంటది? ఏడ్సుడు, శాపం పెట్టుడు. పిలగాని తరఫు పెద్దమనిషివి నువ్వు. నీ సర్కారు సంగతి నీకెర్క. ఎట్ల చేస్తవో చెయ్యి. పండుగకు అల్లుడు ఉండాలె."

ఆమె దగ్గర నాకు ఉపాయం దొరకలేదు. ఎప్పుడూ ఇచ్చే అల్లంచాయ్ కూడా ఆ రోజు దొరకలేదు. తిరిగి వస్తుంటే జీపులో యాదయ్య మెల్లగా అన్నాడు. "సార్, పెద్ద సారు అసలు చెట్టు చూసిండా?"

"ఫోటోలో చూశాడు."

"ఫోటోల నేన్ గూడ మంచిగనే కనవడ్త సార్."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. జీపును చౌటుప్పల్ దారి పట్టించాను.

చౌటుప్పల్ పెళ్ళిచూపులు

చౌటుప్పల్ దగ్గర హైవే పక్కన నర్సరీలు బారులు తీరి ఉంటాయి. ప్లాట్ల వెంచర్లకూ, ఫ్యాక్టరీ గేట్లకూ అక్కడి నుంచే మొక్కలు పోతాయి. వాటిలో విదేశాల నుంచి వచ్చిన సైకస్ అని ఒకటి ఉంటుంది. మా పేరీతకు వేలు విడిచిన మేనత్త కొడుకు లాంటిది. ఏ మాత్రం అరుదు కాదు, ప్రతి ఫంక్షన్ హాలు ముందరా జంటగా నిలబడి ఉంటుంది. చూసే కళ్ళు తెలిసినవైతే తప్ప తేడా పట్టలేరు. పెద్ద సారు కళ్ళ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. వాటి స్థాయి నా కళ్ళ స్థాయే.

"ముసలి మోడు కావాలె," అన్నాను నర్సరీ ఆయనతో. "అడవిల పుట్టినట్టు ఉండాలె."

"అందరు కొత్తది మంచిగున్నది అడుగుతరు. మీరేంది సార్, పాతది, కరాబైంది అడుగుతున్నరు?" అంటూ వెనక్కి తీసుకుపోయి ఎవరూ కొనని రెండు మోడులు చూపించాడు. "మగది కావాల్నా, ఆడది కావాల్నా?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. "తేడా ఏంది?"

"మగదైతె నడిమిట్ల కంకి లేస్తది. ఆడదైతె కోడి పొదుగు కూసున్నట్టు గుండ్రంగ, బొచ్చు బొచ్చుగ పెడ్తది. పోయినేడే పెట్టింది గిది."

అప్పటివరకు నా ఉద్దేశం ఒక్కటే, అల్లుణ్ణి కాపాడుకోవడం. దానికి ఏదైనా సరిపోతుంది. కానీ చాయ్ తాగుతూ ఆదిలాబాద్ వర్ణించిన ఆ గొంతు చెవిలో మోగింది.

"ఆడదే ఇయ్యి," అన్నాను.

ధర అడగకండి, మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు. డీసీఎం వ్యాను కిరాయికి మాట్లాడి, దారిలో గుట్ట ఎర్రమట్టి తెచ్చి మోడుకు పూశాం. యాదయ్య పొలుసుల మధ్య సాలెగూళ్ళు కూడా ఇరికించాడు. నాలుగు గొర్రె పెంటికలు అంటించబోతుంటే, అది మరీ ఎక్కువవుతుందని నేనే ఆపాను.

నాటే రోజు షామియానా వేశారు. పెద్ద సారు కొబ్బరికాయ కొట్టారు, చెట్టును ఆలింగనం చేసుకొని ఫోటో దిగారు. మట్టిని వేలితో తీసి వాసన చూసి, కళ్ళు మూసుకొని, "ఇదీ అడవి వాసన అంటే," అన్నారు. యాదయ్యకు దగ్గు వచ్చి షామియానా వెనక్కి పోయాడు. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు.

ఆ ఏడు పండుగకు పళ్ళెం పట్టుకొని వాగు దాటాను. మల్లమ్మకు జరిగింది చెప్పాను. పళ్ళెం అందుకుంటూ అడిగింది.

"అయితె గా సారుకు కోడల్ని తోలిచ్చినవా?"

"అవునమ్మా."

"మంచిగ చేసినవ్. ఇంటికి కోడలొస్తె మొగోనికి బుద్ధొస్తది," అని గట్టు మీద ఆడవాళ్ళ వైపు తిరిగి ఏదో అంది. పాటలో కొత్త చరణం పుట్టింది. దాన్నీ ఇక్కడ రాయలేను. నా పొట్ట మీద చరణాలు మాత్రం ఆ ఏడు మాఫీ చేశారు.

గుట్ట మీది చెట్టు మా శాఖ లెక్కలో ఇప్పుడు గుట్ట మీద లేదు. నందికొండకు తరలిపోయింది. కాబట్టి దాన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. దాన్ని కాపాడటానికి ఇంతకన్నా మంచి పథకం నా సర్వీసులో నేను చూడలేదు. అది అబద్ధం కదా అంటారా? అవును, అబద్ధమే. చిన్నవాళ్ళకు సలహాగా చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. పెద్ద సారు తెలుగులో ఫైళ్ళు కూడా చదివేవారు కాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఆయన రిటైరయ్యారు, తరువాత నేను రిటైరయ్యాను. అయినా ఎండలు ముదరగానే ఫోన్ వస్తుంది.

"రాజలింగం, కంకి లేచిందా?"

"ఇంకా లేదు సార్."

"ఏదో గుండ్రంగా వచ్చిందే మొన్న?"

"మొగ్గేమో సార్."

"ఇంకెంత కాలం పడుతుందయ్యా?"

"దానికి ఇంకా వయసు రాలేదు సార్."

అవతల నిట్టూర్పు. వయసు గురించి ఆయన నిట్టూర్పు విని మొదటిసారి కాస్త జాలి వేసింది. జాలితోనే ఒక మాట చెప్పాను. నాటినవాడే తన చేత్తో బిందె మోసి నీళ్ళు పోస్తే తప్ప ఈ జాతికి కంకి లేవదని, గుట్ట మీది వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారని.

పోయిన వేసవిలో యాదయ్య ఫోన్ చేశాడు. మాట సరిగా రావడం లేదు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. పెద్ద సారు హైదరాబాదు నుంచి సొంత కారులో వచ్చి, ప్యాంటు పైకి మడిచి, నల్లా నుంచి చెట్టు దాకా బిందెతో నీళ్ళు మోస్తున్నారట. తోటమాలి అందుకోబోతే ఇవ్వలేదట. నెలకోసారి వస్తున్నారట. పార్కులో మిగతా మొక్కలకు కూడా పనిలో పనిగా పోస్తున్నారట. సర్వీసూ రిటైర్మెంటూ కలిపి ఆయన చేతి నీళ్ళు తాగిన మొక్కలు అవే.

గుట్ట మీది వాళ్ళు ఎన్నో చెప్పుకుంటారు గానీ, ఆ బిందె మాట మాత్రం వాళ్ళది కాదు. నాది.